నీరు లేని నేలపై నౌకల ఊహ

ఢిల్లీ నగరపు తూర్పు పొలిమేర దాటి ఉత్తరప్రదేశ్‌లో అడుగిడగానే, హిండన్ నదికి ఈవలి గట్టున ఇందిరాపురం కనిపిస్తుంది. ఒకనాటి పొలాలలో నేడు అంతస్తుల మీద అంతస్తులు లేచి నిలిచినవి. ఇక్కడి పేటలకు పెట్టిన పేర్లు విన్నవారికి చిరునవ్వు తెప్పిస్తాయి: జ్ఞానఖండం, నీతిఖండం, న్యాయఖండం, అభయఖండం. శక్తిఖండం ఉన్న ఊళ్ళోనే అహింసాఖండమూ ఉన్నది. ఆ రెండింటికీ నిజజీవితంలో ఇంత సామరస్యం కుదరడం అరుదు.

హిండన్ మురుగుతో నల్లబడిన చిన్న నది. సముద్రమా, ఎటు బయలుదేరినా వందల కిలోమీటర్ల దూరం. అయినా భారత నౌకాదళపు యుద్ధనౌకలు మొదట రూపు దిద్దుకొనేది ఈ ప్రాంతానికి గంట ప్రయాణంలో ఉన్న ఢిల్లీలోని కార్యాలయంలోనే. నేవల్ డిజైన్ డైరెక్టరేటుగా పేరుపొందిన ఆ శాఖ నేడు వార్‌షిప్ డిజైన్ బ్యూరోగా వ్యవహరింపబడుతున్నది. నీటిచుక్క కనబడని చోట నౌకను ఊహించడం విడ్డూరమని తోచవచ్చు. కాని నౌకకు మొదటి రేవు కాగితమే. ఆ కాగితం మీద గీసిన గీత ఎంత దూరం పోగలదో తెలియాలంటే జపాను బాటిల్ క్రూయిజర్ల కథ వినాలి. ఆ కథలో మన విశాఖపట్నానికీ చోటున్నది.

బాటిల్ క్రూయిజర్ అంటే మహాయుద్ధనౌకకు ఉండే పెద్ద ఫిరంగులూ, దానికి లేని వేగమూ కలిగిన ఓడ. ఆ వేగం ఎక్కడి నుండి వచ్చింది? ఉక్కు కవచాన్ని పలుచన చేయడం వల్ల. ఓడ తన బరువుకు సమానమైన నీటిని తొలగించి తేలుతుంది కనుక, శిల్పి చేతిలోని మొత్తం బరువుకు ఒక హద్దున్నది. ఫిరంగికి ఇచ్చిన టన్ను కవచానికి దక్కదు. కవచానికి ఇచ్చినది యంత్రానికి దక్కదు. వేగం మరీ ఖరీదైన సరుకు. జపాను వారి కోంగో నౌక 1913లో పూర్తయినప్పుడు 64,000 అశ్వశక్తితో 27.5 నాట్ల వేగం పొందింది. తరువాత దానిని తిరిగి నిర్మించి, బరువు పెంచి, 136,000 అశ్వశక్తి అమర్చితే వచ్చిన వేగం సుమారు 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్లు. శక్తి రెండింతలు దాటింది; వేగం పెరిగింది మూడు నాట్ల లోపే.

ఆ కోంగోను రూపొందించినవాడు ఆంగ్లేయుడు, జార్జి థర్‌స్టన్. ఇంగ్లండులో బారో రేవున వికర్స్ కంపెనీ దానిని నిర్మించింది. దాని తోబుట్టువులైన హియే, హరూనా, కిరిషిమాలను జపాను తన గడ్డమీదనే కట్టుకొన్నది. గురువు దగ్గర ఒక్క పాఠం విని, మిగతా మూడూ ఇంట్లో కూర్చొని వ్రాసుకొన్న శిష్యుని తీరు అది.

పలుచని కవచానికి మూల్యం ఎవరు చెల్లించారు? 1916 మే 31న జట్లాండ్ సమరంలో మూడు బ్రిటిషు బాటిల్ క్రూయిజర్లు పేలిపోయి మూడు వేల మందికి పైగా నావికులు మరణించారు. మందుగుండును భద్రపరచడంలో చూపిన అజాగ్రత్త కూడా అందుకు కారణమే. 1941 మేలో హుడ్ నౌక మునిగినప్పుడు అందులోని 1,418 మందిలో ముగ్గురే మిగిలారు. శిల్పి బల్లమీద మిగుల్చుకొన్న టన్నుల లెక్క ఇలా తేలింది.

ఐనా జపాను ఆశ చావలేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 410 మిల్లీమీటర్ల ఫిరంగులు పదేసి మోసే నాలుగు బ్రహ్మాండమైన బాటిల్ క్రూయిజర్లకు ప్రణాళిక వేసింది. 1922 నాటి వాషింగ్టన్ ఒడంబడిక వాటికి అడ్డుపడింది. వాటిలో రెండింటిని విమానవాహక నౌకలుగా మార్చదలచారు. 1923 సెప్టెంబరు 1 నాటి మహాభూకంపం యొకొసుకా రేవులో ఉన్న అమాగీని చెడగొట్టింది. రెండవది అకాగీ. దానిమీద ఫిరంగుల గోపురాలకు బదులు విమానాలు దిగే చదునైన కప్పు వెలిసింది.

1940 ప్రాంతంలో బి-65 అనే మరో చిత్తు తయారయింది: సుమారు 31,000 టన్నులు, తొమ్మిది 310 మిల్లీమీటర్ల ఫిరంగులు, 33 నాట్లకు పైబడిన వేగం. రాత్రి యుద్ధంలో చిన్న నౌకలకు దారి చేసిపెట్టడం దాని పని. అమెరికా అలాస్కా తరగతి నౌకలు కడుతున్నదని తెలిసి, 356 మిల్లీమీటర్ల ఫిరంగులు పెడితే ఎలా ఉంటుందని కూడా యోచించారు. ఫిరంగి లావైతే గోపురం బరువెక్కుతుంది. గోపురం బరువెక్కితే పొట్ట వెడల్పు కావాలి. పొట్ట వెడల్పైతే మరింత యంత్రశక్తి కావాలి. ఇంట్లో ఒక గది పెంచబోయి పునాది తవ్వుకొన్న గృహస్థు అవస్థ వంటిదే ఇది. ఆ నౌక ఏనాడూ నీళ్ళు చూడలేదు.

నీళ్ళు చూసినవి మన సముద్రం దాకా వచ్చాయి. 1942 ఏప్రిల్‌లో నగుమో నాయకత్వాన హిందూ మహాసముద్రంలో ప్రవేశించిన జపాను నౌకాదళంలో కోంగో తోబుట్టువులు నాలుగూ ఉన్నవి. దళపతి నౌక మాత్రం అకాగీ! బాటిల్ క్రూయిజర్‌గా పుట్టవలసినది విమానవాహకంగా పుట్టి, ఆ జాతికే యజమాని అయి కూర్చొన్నది. నాలుగు పాత నౌకల పెద్ద ఫిరంగులు ఆమెకు కాపలా కాయడానికి వచ్చినవి. కొలంబో, ట్రింకోమలీల మీద విమానాలు దాడి చేశాయి. రెండు బ్రిటిషు క్రూయిజర్లనూ, హెర్మీస్ అనే విమానవాహకాన్నీ విమానాలే ముంచాయి.

అదే సమయంలో బంగాళాఖాతంలో ఒజావా నడిపిన మరో దళం వాణిజ్యనౌకలను వేటాడింది. ఏప్రిల్ 6న దానిలోని ర్యూజో అనే చిన్న విమానవాహకం నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ రేవుకు జరిగిన నష్టం స్వల్పమే. నగరం గుండె మాత్రం అదిరిపోయింది. జనం మూటాముల్లె సర్దుకొని లోపలి పల్లెలకు తరలిపోయారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణశాల పని ఆగిపోయింది. ఆ శాల నుండి జల ఉష నౌక నెహ్రూ చేతులమీదుగా నీళ్ళలోకి జారినది 1948 మార్చి 14న. ఆనాడు పేలకుండా మిగిలిన జపాను బాంబు నేటికీ విశాఖ మ్యూజియంలో ఉన్నది. సముద్రతీరానికి షికారు వెళ్ళినవారు చూడవచ్చు. ముప్ఫయి వేల టన్నుల ఓడ కాదు, ఒక చిన్న విమానం మోసుకొచ్చిన ఈ ఇనుపముద్దే ఊరును ఖాళీ చేయించింది.

ఆ నాలుగు నౌకలలో ఒక్కటీ యుద్ధాన్ని దాటి బ్రతకలేదు. 1942 నవంబరులో గ్వాడల్‌కెనాల్ వద్ద అమెరికా క్రూయిజర్ గుళ్ళు దగ్గరి నుండి తగిలి హియే చుక్కాని దెబ్బతిన్నది. మర్నాడు విమానాలు దానిని చుట్టుముట్టాయి. రెండు రోజులకు కిరిషిమా మునిగింది. కోంగో 1944లో జలాంతర్గామికి, హరూనా 1945లో రేవులోనే విమానాలకు బలి అయినవి. అకాగీ అంతకు ముందే, 1942 జూన్‌లో, మిడ్‌వే వద్ద సముద్రగర్భం చేరింది.

నా మట్టుకు బి-65లో లోపం దాని ఫిరంగిలో లేదు, కవచంలో లేదు. రాబోయే శత్రువు ఆకాశం నుండి వస్తాడని తన దళమే లోకానికి చూపబోతున్న రోజులలో కూడా ఆ చిత్తు గీసినవారు ఎదుట మరో ఫిరంగి నౌకనే ఊహించారు. ఢిల్లీలోని శిల్పులు 1970లలో గోదావరి తరగతి యుద్ధనౌకలను రూపొందించినప్పుడు వారి ముందున్న ప్రశ్న వేరు: జలాంతర్గాములను వేటాడే సీకింగ్ హెలికాప్టర్లు రెండింటిని ఒకే ఓడ మీద నిలపడం ఎలా? బ్రిటిషు లియాండర్ నమూనాను తీసుకొని, దాని ఆవిరియంత్రాలనే ఉంచి, పొట్టను పెంచారు. సోవియట్ క్షిపణులనూ, పాశ్చాత్య, స్వదేశీ పరికరాలనూ ఒకే ఓడలో కలిపారు. ఒక భాష రాని బంధువులను మరొక భాష రాని బంధువుల సరసన పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడం వంటి పని అది.

ముంబయిలోని మజగాన్ డాకులో తయారైన గోదావరి 1983 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. ఆమె తోబుట్టువులు గంగా, గోమతి. ఒకటి మన నది పేరు, రెండు ఇందిరాపురం ఉన్న రాష్ట్రపు నదుల పేర్లు. గోదావరి 2015లో, గంగా 2018లో, గోమతి 2022లో విశ్రాంతి పొందినవి.