ఫ్యాను లేని ఇంట్లో ఆగస్టు

ఆగస్టులో రావద్దన్నాను. మే నెలలో కానీ, సెప్టెంబరు చివర్లో కానీ అయితే వియన్నా హాయిగా ఉంటుందని వాట్సాప్‌లో పొడుగ్గా రాశాను కూడా. "ఎండల గురించి మాకు చెప్తావేమే? బెజవాడ వాళ్ళం మేము. రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం చూసినవాళ్ళం" అంది నా స్నేహితురాలు. ఆ మాట అనేటప్పటికే టికెట్లు కొనేసిందట. అలా 2024 ఆగస్టు రెండోవారంలో తను, వాళ్ళాయన (నాకు అన్నయ్యగారు), వాళ్ళమ్మగారు (నాకు పిన్నిగారు) మా ఇంట్లో దిగారు.

ఎయిర్‌పోర్టు స్టేషన్లో రైలు కోసం నిలబడితే, తిరుగు ప్రయాణంలో ఉన్న అమ్మాయిలు గుంపులుగా ఎదురయ్యారు. మణికట్టు నుంచి మోచేతి దాకా పూసల కంకణాలు, తళుకుల గౌన్లు. దాడికి పన్నాగం బయటపడడంతో టేలర్ స్విఫ్ట్ కచేరీలు మూడూ ఆ వారమే రద్దయ్యాయి. దేశదేశాల నుంచి వచ్చిన ఆ పిల్లలు కొర్నేలియుస్‌గాస్సె అనే వీధిలో చేరి, తమ పాటలు తామే పాడుకుని, కంకణాలు చెట్టుకు కట్టి వెళ్తున్నారని చెప్పాను. పిన్నిగారు "ఈ ఎండలో పాపం, వాళ్ళకు మంచినీళ్ళు ఎవరైనా ఇచ్చారా?" అంది. ఆమె ఆలోచన ఎప్పుడూ నీళ్ళ దగ్గరే మొదలవుతుంది.

ఇంట్లోకి రాగానే ముందు పైకి చూసింది. "ఫ్యాను ఏదమ్మా?"

లేదు. మాది నూరేళ్ళు దాటిన భవనంలో నాలుగో అంతస్తు. పైకప్పు ఇద్దరు మనుషుల ఎత్తు, గోడలు దిట్టమైన ఇటుక గోడలు, కిటికీలు ఒకదాని వెనక ఒకటిగా రెండేసి. ఇదంతా చలిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు. వీధివైపు గోడకు ఏసీ పెట్టె తగిలించాలంటే భవనంలో మిగతా యజమానులూ ఒప్పుకోవాలి, నగరపాలక సంస్థా ఒప్పుకోవాలి. ఆ కాగితాలు తిరిగి వచ్చేలోపు శీతాకాలం వస్తుంది. మాకున్నది నేలమీద నిలబెట్టే ఫ్యాను ఒకటి. అది అతిథుల గదికి పోయింది. రెండోది కొందామంటే ఆ వారం ఏ దుకాణంలోనూ దొరకలేదు.

ఇటుక గోడలు వేడిని ఒక్కరోజులో పట్టుకోవు. వేసవి మొదట్లో లోపల నిజంగానే చల్లగా ఉంటుంది. ఎండలు వారాల తరబడి సాగితే మాత్రం గోడ తాగినంత తాగి, రాత్రిపూట కక్కడం మొదలుపెడుతుంది. రాత్రంతా ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి దిగకపోతే ఇక్కడ దాన్ని ఉష్ణమండల రాత్రి అంటారు. 2024లో ఊరి నడిబొడ్డునున్న వాతావరణ కేంద్రం అలాంటి రాత్రులు 53 లెక్కపెట్టింది. వియన్నాకు అదే రికార్డు. ఇరవై డిగ్రీలకే ఇంత గోలా అని మనకు నవ్వొస్తుంది. బయట ఇరవై రెండున్న రాత్రి మా పడకగదిలో ఎంత ఉంటుందో ఒక్కసారి పడుకుని చూస్తే ఆ నవ్వు పోతుంది.

మొదటి రాత్రి గడిచాక నా స్నేహితురాలు కళ్ళు ఎర్రగా చేసుకుని వంటింట్లోకి వచ్చింది. "ముప్ఫై నాలుగంటే నాకు లెక్కే కాదనుకున్నానే" అంది. లెక్క తప్పిందేమీ కాదు. తనది ఏసీ పడకగది, ఏసీ కారు, ఏసీ ఆఫీసు. బెజవాడలో నలభై అయిదు డిగ్రీలు తను టీవీలో చూస్తోంది తప్ప ఒంటితో చూసి చాలా ఏళ్ళయింది. ఇంటికీ కారుకీ మధ్య నాలుగడుగుల ఎండ, అంతే. పిన్నిగారి సంగతి వేరు. ఆవిడ సత్యనారాయణపురంలో పెంకుటింట్లో పిల్లల్ని పెంచిన మనిషి.

పది గంటలకు స్నేహితురాలు గాలికోసమని కిటికీలన్నీ బార్లా తెరిచింది. పిన్నిగారు ఏమీ అనకుండా వెనకే వెళ్ళి ఒక్కొక్కటీ మూసి, తెరలు దించింది. సరిగ్గా మా కింది అంతస్తు ముసలావిడ చేసే పనే అది. వేసవిలో ఆవిడ కిటికీలు పొద్దున్న ఎనిమిదికల్లా బిగిసిపోతాయి, రాత్రి పదింటికి గానీ తెరుచుకోవు. పిన్నిగారు ఆ పైన ఇంకో మెట్టు ఎక్కింది. వట్టివేళ్ళ తడికలు దొరకవు కాబట్టి, రాత్రి కిటికీలు తెరిచాక వాటికి అడ్డంగా దుప్పట్లు తడిపి వేలాడదీసింది. వియన్నాలో గాలి పొడిగా ఉంటుంది కనుక ఆ ఉపాయం ఇక్కడ బెజవాడలోకన్నా బాగా పనిచేస్తుంది. వంట పొద్దున్న ఆరింటికల్లా ముగించింది. సూపర్‌మార్కెట్లో డబ్బాల్లో అమ్మే మజ్జిగను రుచి చూసి, "పులుపు పరవాలేదు" అని ఒప్పుకుని, అందులో అల్లం, నిమ్మరసం, కొత్తిమీర వేసింది. కరివేపాకు నాష్‌మార్క్ట్ అనే సంత దగ్గరి మనవాళ్ళ కొట్లో దొరికింది.

నీళ్ళ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కొళాయి నీళ్ళు తాగమంటే ముగ్గురూ నా మొహం వంక చూశారు. అన్నయ్యగారు ఎండలో వెళ్ళి ఆరు సీసాల కట్ట మోసుకొచ్చారు. మూత తిప్పగానే బుస్సుమంది. "గోలీసోడా కోసం ఇంత దూరం రావాలా?" అంది పిన్నిగారు.

అప్పుడు నేను వాళ్ళను ష్వార్ట్‌సెన్‌బెర్గ్‌ప్లాట్స్‌కు తీసుకెళ్ళాను. అక్కడ ఆకాశంలోకి ఎగిసే పెద్ద ఫౌంటెన్ ఒకటి ఉంది. 1873లో ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు ఊరికి చేరిన సందర్భంగా చక్రవర్తి దాన్ని ప్రారంభించాడు. ఆ ఏడాదే వియన్నాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది, ఆ వేసవిలోనే కలరా వచ్చింది. కొండల నీళ్ళు తేవాలని పట్టుబట్టి సాధించినవాడు ఎడ్వర్డ్ స్యూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త. 1910లో రెండో కాలువ పూర్తయింది, అది దాదాపు 180 కిలోమీటర్లు. కొండల మీద బయలుదేరిన నీరు వాలు వెంట పంపుల అవసరం లేకుండా, ఒకటిన్నర రోజు నడిచి ఊరికి వస్తుంది. వీధుల్లో వెయ్యికి పైగా ఉన్న తాగునీటి కొళాయిల్లో వచ్చేవి ఈ నీళ్ళే. "అయితే వీళ్ళ కాటన్ దొర అన్నమాట" అని పిన్నిగారు ఒక్క మాటలో తేల్చేసింది. ఆ స్యూస్ గారికి మనతో ఇంకో చుట్టరికం ఉందని చెప్పాను. ప్రాచీన భూఖండానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టింది ఆయనే, మన గోండుల నేల పేరు మీదుగా. అన్నయ్యగారు సింగరేణి బొగ్గు గోండ్వానా శిలల్లోనిదే కదా అని అందుకున్నారు. ఆ తర్వాత సీసాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఊరు చూపించే పని మాత్రం నా స్నేహితురాలు తన చేతిలోకి తీసుకుంది. ఫోన్లో గంటగంటకూ పట్టిక వేసి తెచ్చింది. మధ్యాహ్నం షోన్‌బ్రున్ తోటలో గులకరాళ్ళ బాట మీద గ్లోరియెట్ మండపం దాకా ఎక్కించింది. నీడ లేదు. అన్నయ్యగారికి తలనొప్పి పట్టుకుంది. "నాలుగయింది కదా, ఇక ఎండ తగ్గుతుంది, పాత ఊరికి పోదాం" అంది. మనవైపు లెక్క అది. ఇక్కడ గడియారాన్ని వేసవిలో గంట ముందుకు జరుపుతారు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికే ఒంటిగంట అవుతుంది. అసలు కాక సాయంత్రం నాలుగుకీ అయిదుకీ. బయటి నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఈ వేళలోనే.

పాత ఊళ్ళో స్టెఫాన్ చర్చి పక్కన గుర్రబ్బండి ఎక్కాలని పట్టికలో ఉంది. బండ్లు లేవు. వియన్నాలో ఉష్ణోగ్రత 35కు చేరితే బండిగుర్రాలకు సెలవు ఇవ్వాలని నిబంధన ఉంది. నా ఫోన్ అప్పుడు సరిగ్గా 35 చూపిస్తోంది. పిన్నిగారు చర్చి నీడలో అరుగు మీద కూర్చుని, కూతుర్ని చూసి, "గుర్రాలకున్న సెలవు మాకు లేదా తల్లీ?" అంది. ఆ పట్టిక అక్కడితో ఆగింది.

నేను నేల కింద చల్లగా ఉంటుందని వాళ్ళను కపూచిన్ చర్చి నేలమాళిగకు తీసుకెళ్ళాను. హాప్స్‌బర్గ్ వంశస్థుల శవపేటికలు అక్కడ నూట యాభై దాకా ఉన్నాయి. మరియా థెరీసా, ఆమె భర్త తమ పేటిక మూత మీద లేచి కూర్చుని ఒకరినొకరు చూసుకుంటున్న శిల్పం ముందు పిన్నిగారు చాలాసేపు నిలబడింది. ఈ వంశంలో చాలామందికి దేహం ఇక్కడ, గుండె ఆగస్టీన్ చర్చిలో, పేగులు స్టెఫాన్ చర్చి కింద పెట్టారని నేను చెప్పకుండా ఉండాల్సింది కాదేమో. బయటికి రాగానే, ఇంటికెళ్ళి తలస్నానం చేసేదాకా ఏమీ ముట్టనంది. చక్రవర్తులైతే మాత్రం మైల మైలే. ఆ స్నానానికి వచ్చిన ఆల్ప్స్ నీళ్ళ పుణ్యమా అని ఆ వారంలో మొదటిసారి ఆవిడ హాయిగా నిద్రపోయింది.

ఒక సాయంత్రం కళల మ్యూజియానికి వెళ్ళాం, అది గురువారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ఇక్కడే. 1565లో ఆయన రుతువుల మీద వేసిన వరుసలో మిగిలినవి అయిదు, వాటిలో మూడు ఈ గదిలోనే. మంచులో ఇంటికి మళ్ళుతున్న వేటగాళ్ళు, వెనకే తలలు వేలాడేసిన కుక్కలు, కింద గడ్డకట్టిన చెరువుల మీద జారుతున్న పిల్లలు. అన్నయ్యగారు ఎదుటి సోఫాలో కూలబడి లేవలేదు. పిన్నిగారు దగ్గరికి వెళ్ళి చూసి, "ఇంతమంది వేటకుపోయి ఒక్క నక్కనా తెచ్చింది?" అంది. ఎన్నోసార్లు చూసిన నాకు ఆ నక్క సంగతి ఎప్పుడూ తట్టలేదు.

ఆగస్టు 15 మనకు జెండా పండగ, వీళ్ళకు మేరీమాత స్వర్గారోహణ పండగ. కొట్లన్నీ మూత. చేసేది లేక యూ1 మెట్రో ఎక్కి పాత డాన్యూబ్‌కు పోయాం. (యూ6 అయితే నేను వద్దనేదాన్ని. 2019 వేసవిలో ఆ లైన్లో ప్రయాణికులకు డియోడరెంట్లు పంచారంటే అర్థం చేసుకోండి.) పాత డాన్యూబ్ ఒకప్పటి నది. 1870ల్లో వరదలకు భయపడి నదిని తిన్నగా తవ్వితే, పాత పాయ చెరువులా మిగిలిపోయింది. ఒడ్డున గడ్డి, చెట్లు, హంసలు, ఊళ్ళో సగం జనం. గాన్సెహాయ్‌ఫెల్ అనే స్నానాల దీవి 1907 నుంచీ ఉంది. దాంట్లో ఒంటిమీద నూలుపోగు లేకుండా తిరిగే భాగం ఒకటుంది కాబట్టి మేం అటు వెళ్ళలేదు. చెక్కమెట్ల మీద కూర్చుని పిన్నిగారు చీర మోకాళ్ళ దాకా దోపుకుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. పక్కన ఆవిడ ఈడు వియన్నా అమ్మమ్మ ఒకావిడ ఈతబట్టల్లో కూర్చుని పుచ్చకాయ ముక్క చేతికిచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. పిన్నిగారు తన సంచిలోంచి ఉప్పూ కారం పొట్లం తీసి దానిమీద చల్లి చూపించింది. ఆవిడ తిని, దగ్గి, ఇంకో ముక్క తీసుకుంది.

శనివారం వాన విరుచుకుపడింది. ఊరికి ఉత్తరాన డ్యోబ్లింగ్‌లో కొద్ది గంటల్లోనే పది సెంటీమీటర్ల పైన కురిసింది. ట్రాములు ఆగిపోయాయి, వీధులు కాలవలయ్యాయి. మా కిటికీలకు కట్టిన దుప్పట్లు ఎవరూ తడపకుండానే తడిశాయి. గోడలు చల్లబడడానికి మాత్రం ఇంకో రోజు పట్టింది.

వాళ్ళు ప్రాగ్ వెళ్ళే రోజు స్టేషన్‌కు వెళ్ళాను. బ్రూగెల్ వరుసలో నాలుగోది, గడ్డికోతల బొమ్మ, ప్రాగ్ కోట ఆవరణలోని లోబ్కోవిచ్ భవనంలో ఉందని చెప్పాను. అన్నయ్యగారు అక్కడా సోఫా ఉంటుందా అని అడిగారు. నా స్నేహితురాలు హోటల్లో ఏసీ ఉందో లేదో ఫోన్లో వెతుకుతోంది. పిన్నిగారు కొళాయి నీళ్ళు నింపిన సీసాలు సంచిలో సర్దుకుంటూ, "ఏసీ సంగతి తర్వాత. ఆ గది కిటికీ తూర్పుకో పడమరకో ముందు కనుక్కో" అంది.