పూలు చల్లిన చేతులు

రోజంతా చట్టసభలు, న్యాయస్థానాలు, దర్యాప్తు సంస్థల వార్తలే సరిపోతుంటే రాత్రిపూట మళ్లీ నేరగాళ్ల కథ దేనికని ఇంట్లోవాళ్లు అడిగారు. జవాబు చెప్పకుండానే ‘విన్సెంజో’ 20 భాగాలూ చూసేశాను. చాలాకాలం తరువాత కడుపుబ్బ నవ్వాను. చివరి భాగం అయ్యాక మాత్రం ఆ నవ్వు నన్నే ఒక ప్రశ్న అడిగింది.

2021 ఫిబ్రవరి నుంచి మే వరకు దక్షిణ కొరియాలో ప్రసారమైన ధారావాహిక ఇది. చిన్నతనంలోనే ఇటలీకి దత్తత వెళ్లి, మాఫియా కుటుంబానికి న్యాయవాదిగా ఎదిగిన విన్సెంజో సియోల్‌కు తిరిగివస్తాడు. గుమ్‌గా ప్లాజా అనే పాత భవనం అడుగున దాచిన బంగారాన్ని దక్కించుకోవడమే అతని పని. అందుకు భవనాన్ని కూల్చాలి. అదే స్థలంపై బేబెల్ అనే బడా సంస్థ కన్ను పడుతుంది. కూల్చడానికి వచ్చినవాడే కాపలాదారుగా మారవలసి రావడంలోనే హాస్యమంతా ఉంది.

ఆ భవనంలో బట్టలు శుభ్రం చేసే దుకాణం నడిపే ఒక దర్జీ, పియానో పంతులమ్మ, ఇటలీలో వంట నేర్చుకున్నానని కోతలు కోసే వంటవాడు, బౌద్ధ భిక్షువులు ఉంటారు. వాళ్లను ఖాళీ చేయించడానికి వచ్చిన రౌడీలు కూడా చివరికి అక్కడే ట్రావెల్ ఏజెన్సీ తెరుస్తారు. రక్తసంబంధం లేదు, ఆదర్శాలూ లేవు. ఒకరినొకరు అనుమానిస్తూ, తిట్టుకుంటూనే ఒక కుటుంబమవుతారు.

కొరియా ప్రేక్షకులకు ఇది ఉత్త కాలక్షేపం కాదు. 2009 జనవరిలో సియోల్‌లోని యోంగ్‌సాన్‌లో, ఖాళీ చేయబోమని భవనం పైకెక్కిన నిరసనకారులపై పోలీసు చర్య జరిగింది. మంటల్లో అయిదుగురు నిరసనకారులు, ఒక పోలీసు మరణించారు. ధారావాహిక నడుస్తున్న రోజుల్లోనే శాంసంగ్ వారసుడు లీ జే యాంగ్ లంచం కేసులో జైల్లో ఉన్నారు. రెండున్నరేళ్ల శిక్ష పడిన ఆయన అదే ఏడాది ఆగస్టులో పెరోల్‌పై బయటికొచ్చారు, మరుసటి ఏడాది ఆగస్టులో క్షమాభిక్ష పొందారు. చట్టం పెద్దల గడప దాకా వెళ్లి వెనుదిరిగే చోట, చట్టంతో పనిలేని విన్సెంజో జనానికి ఆప్తుడవుతాడు.

ముగింపులో అతను దుర్మార్గులను చిత్రహింసలు పెట్టి చంపుతాడు. నాకు తృప్తిగానే అనిపించింది. ఆ తృప్తే నన్ను ఇబ్బందిపెట్టింది. 2019 డిసెంబరులో, హైదరాబాద్ సమీపంలోని చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో హతమైనప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. వాళ్లను చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూలను తప్పుపట్టినవారిలో నేనూ ఉన్నాను. మరి సోఫాలో కూర్చుని నేను చేసిందేమిటి?

కథలో దోషి ఎవరో రచయిత మనకు ముందే చూపిస్తాడు, అందుకే చప్పట్లు కొట్టడం తేలిక. జీవితంలో ఆ సౌకర్యం లేదు. ఈ మాట ఆ ధారావాహికే మరోచోట చెబుతుంది. విన్సెంజో కన్నతల్లి చేయని హత్యకు జైల్లో మగ్గుతుంటుంది. తక్షణ న్యాయం కోరే గుంపు చేతికి చిక్కితే ఆమె ఎప్పుడో పోయేది. ఆమె పక్షాన నిలబడినవాడు హాంగ్ యూ చాన్ అనే ముసలి న్యాయవాది. చేతిలో తుపాకీ లేదు, కాగితాల కట్టలు తప్ప. అతన్ని చంపేస్తారు. బేబెల్ తరఫున వాదించే పెద్ద సంస్థలో పనిచేస్తున్న కూతురు, ఉద్యోగం వదిలి తండ్రి కుర్చీలోకి వస్తుంది.

విన్సెంజో నన్ను ఎంత నవ్వించినా, నా గౌరవం మాత్రం ఆ కుర్చీకే. అతను విమానమెక్కి వెళ్లిపోగలడు. దర్జీ, వంటవాడు, పంతులమ్మ రేపు కూడా అక్కడే బతకాలి. వాళ్లకు కావలసింది దయగల హంతకుడు కాదు, తలుపు తట్టగానే తెరుచుకునే న్యాయస్థానం. అది దొరకనంతకాలం ఇలాంటి కథలు వస్తూనే ఉంటాయి. మనం నవ్వుతూనే ఉంటాం. నవ్వడంలో తప్పులేదు, చేతిలో పూలు లేకుండా చూసుకుంటే చాలు.