తాళంచెవి ఎవరి చేతిలో?

ఆస్తికి రెండు చరిత్రలుంటాయి. ఒకటి దస్తావేజుల్లో ఉంటుంది. రెండోది ఆ ఆస్తికి విలువ తెచ్చినవాళ్ల చేతుల్లో ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావని శ్రామికోద్యమాన్ని ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేనుండేది బసంత్‌నగర్‌లో. మా ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, దగ్గర్లో రామగుండం విద్యుత్ కేంద్రం, గోదావరిఖని బొగ్గుగనులు ఉన్నాయి. ఇక్కడ పెరిగిన పిల్లవాడికి యజమాని అంటే ఎవరో పుస్తకం చూసి నేర్చుకోవలసిన అవసరం లేదు. సింగరేణిలో నూటికి 51 వంతులు రాష్ట్రానివనీ, 49 వంతులు కేంద్రానివనీ, గనిలో దిగేవాడికి జీతం చీటీ ఉంటుందనీ, ఆ చీటీలో కోతపడితే అడగడానికి సంఘముంటుందనీ వాడికి తెలుసు.

కాని గత ముప్ఫై ఏళ్లలో మరోరకం ఆస్తి పుట్టుకొచ్చింది. దానికి గని లేదు, బట్టీ లేదు. జనం మాట్లాడుకునే మాటలే దాని ముడిసరుకు. ఇంటర్నెట్‌లో ఆ మాటలు బురదపాలు కాకుండా కాపలా కాసేవాళ్లను మోడరేటర్లంటున్నారు. వాళ్లకు జీతం లేదు, చీటీ లేదు, సంఘమూ లేదు. వాళ్లకూ, ఆ వేదికల యజమానులకూ మధ్య వచ్చే తగాదా ఎటువంటిదో చూడాలని నా ఉద్దేశం.

ఈ కాపలా నేనూ కాశాను. పాఠాలు చెప్పి బతికేవాణ్ణి కనక, ఆరేళ్లపాటు ఒక కంపెనీవారి వేదికమీద మరి ముగ్గురితో కలిసి విద్యార్థుల బృందాన్ని నడిపాను. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చదివే పిల్లలు లెక్కల్లో సందేహాలు అడిగేవాళ్లు, పాత ప్రశ్నపత్రాలు పంచుకునేవాళ్లు. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి అనే దళారుల ప్రకటనలు తీసెయ్యడం మా పని. ఆడపిల్ల ప్రశ్న అడిగితే దానికింద చేరే వెకిలిరాతల్ని ఆ పిల్ల కంటబడకముందే తుడిచెయ్యడం మా పని. కులం పేరెత్తి తిట్టుకునేవాళ్లను విడదియ్యడం, ఒకే ప్రశ్న ఇరవయ్యోసారి అడిగినవాడికి విసుక్కోకుండా జవాబు చెప్పడం మా పని. రాత్రి పదింటికి కూచుంటే పన్నెండయ్యేది. ఈ పని సవ్యంగా జరిగిన రోజున ఎవరికీ కనపడదు, జరగనిరోజున అందరికీ కనపడుతుంది. ఇంట్లో ఆడవాళ్ల చాకిరీ కూడా ఇటువంటిదే.

మా పక్కింటాయన గని కార్మికుడు. సెకండు షిఫ్టు దిగి వస్తూ నా గదిలో దీపం చూసి ఒకరోజు అడిగాడు: "సారూ, గీ పనికి మీకెంతిస్తరు?"

"ఏమీ ఇవ్వరు" అన్నాను.

"మరి కంపెనోనికేమన్న వస్తదా?"

"వస్తుంది. మధ్యమధ్య ప్రకటనలు వేసుకుంటారు."

"అయితే ఇది సేవ గాదు సారూ. ఓవర్‌టైమే. లెక్క రాస్తలేరు, గంతే!"

లెక్కరాయని ఓవర్‌టైమ్ అన్న ఈ వాదం అమెరికాలో న్యాయస్థానం దాకా వెళ్లింది. ఏఓఎల్ అనే కంపెనీ చర్చావేదికలను ఒకప్పుడు వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు నడిపేవాళ్లు. వాళ్లకు షిఫ్టులుండేవి, పై అధికారికి నివేదికలు పంపాలి. ప్రతిఫలంగా దొరికేది కనెక్షన్‌లో రాయితీ. 1999లో ఇద్దరు మాజీ కార్యకర్తలు, మేము చేసింది ఉద్యోగమే, కనీసవేతనం ఇవ్వవలసిందే అని దావావేశారు. 2005లో కంపెనీ ఆ ఏర్పాటునే ఎత్తేసింది. 2010లో కోటిన్నర డాలర్లకు రాజీ కుదిరింది. యజమానులు దీన్నించి నేర్చుకున్నది జీతం ఇవ్వడం కాదు; ఆ పని ఉద్యోగంలా కనిపించకుండా జాగ్రత్తపడడం. మన కార్మికచట్టాల్లోనూ కూలికో ప్రతిఫలానికో నియమితుడైనవాడే కార్మికుడు. ఊరికే చేసేవాడు చట్టం కంటికి ఆనడు.

పోతే, 2023లో రెడిట్‌లో జరిగినదాన్ని తీసుకుందాం. 2005లో మొదలైన ఆ అమెరికన్ వేదికలో వేలాది చర్చాగోష్ఠులున్నాయి. వాటిని నడిపేది స్వచ్ఛంద మోడరేటర్లు. వాళ్లు చేసే పని మొత్తం రోజుకు కనీసం 466 గంటలనీ, కూలి కడితే 2020లో 34 లక్షల డాలర్లనీ 2022లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఇది తక్కువలో తక్కువ అంచనా. 2023 ఏప్రిల్‌లో కంపెనీ, తన సమాచారాన్ని వాడుకునే బయటి సాఫ్ట్‌వేర్‌లనించి రుసుము వసూలుచేస్తానన్నది. అపోలో అనే ఆప్ తయారుచేసిన క్రిస్టియన్ సెలిగ్ లెక్కవేసి, తనకది ఏడాదికి 2 కోట్ల డాలర్లవుతుందన్నాడు. చాలామంది మోడరేటర్లు పని చేసుకునేది ఇటువంటి సాధనాలతోనే. అంచేత జూన్ 12న ఎనిమిదివేలకు పైగా గోష్ఠులు తలుపులు మూసేశాయి.

చూపులేనివారికి పనికివచ్చే కొన్ని ఆప్‌లకు కంపెనీ మినహాయింపు ఇచ్చింది. అంతకుమించి మెట్టు దిగలేదు. సమ్మె రెండు రోజులని చాలా గోష్ఠులు ముందే ప్రకటించి ఉన్నాయి కనక యజమాని రెండు రోజులూ ఓపికపట్టాడు. ఆ తరవాతకూడా మూసివుంచినవాళ్లకు, తెరవకపోతే మీ స్థానంలో మరొకరిని పెడతామని కబురువచ్చింది. కొందరిని తీసేశారుకూడా. జూన్ 30న అపోలో మూతపడింది. 2024 మార్చిలో కంపెనీ వాటాలు ఒక్కొక్కటి 34 డాలర్లకు అమ్మకానికి వచ్చినప్పుడు, మోడరేటర్లకు కూడా ఆ ధరకే కొనుక్కునే అవకాశం దయచేశారు. తాము ఊడ్చి, అలికి, ముగ్గుపెట్టిన ఇంట్లో ఒక ఇటుక కొనుక్కోవచ్చునన్నమాట!

ఈ తగాదా మధ్యలో కంపెనీ అధిపతి స్టీవ్ హఫ్‌మన్ ఎన్‌బీసీ వార్తాసంస్థతో మాట్లాడుతూ, మోడరేటర్లను భూస్వామ్య కులీనులతో పోల్చాడు. ముందొచ్చినవాడు పాతుకుపోయి తరవాతివాడికి వారసత్వంగా ఇచ్చుకుంటున్నాడని ఆయన ఫిర్యాదు. 1946 నించి 1951 దాకా దొరలతో పోరాడిన తెలంగాణలో ఈ మాట చదివితే నవ్వొస్తుంది. దొరకు భూమి ఉంటుంది, పంట ఉంటుంది, మనుషుల్ని వెళ్లగొట్టే అధికారం ఉంటుంది. మోడరేటర్‌కు భూమీ లేదు, పంటా లేదు. ఉన్న కాస్త అధికారమూ పైవాడు ఊడబెరికితే ఊడిపోయేది. అలాగని మోడరేటర్ల పనిని వెట్టి అనడం కూడా నాకిష్టం లేదు. వెట్టి చెయ్యనన్నవాడికి గడీలో దెబ్బలు తప్పేవి కావు. మోడరేటర్ రేపే మానెయ్యవచ్చు. మాటల్ని వాటి బరువుకు మించి వాడితే నిజంగా వెట్టిచేసినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

మరి ఆ సమ్మె ఎందుకు ఓడింది? 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు దిగకపోయేసరికి ఆ సంగతి విద్యుత్ కేంద్రాలదాకా తెలిసింది. గనిని ఆఫీసులో కూచుని ఎవరూ నడపలేరు. కాని రెడిట్‌లో ఉత్పత్తి అంతకుముందే జరిగిపోయింది. ఏళ్లతరబడి పోగైన సంభాషణలు యజమాని గిడ్డంగిలో ఉన్నాయి. వాటిని కృత్రిమమేధకు మేతగా వాడుకోవడానికి గూగుల్ ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లు ఇస్తున్నదని 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. కాపలావాళ్లు పని మానగలరే కాని, గిడ్డంగి తాళంచెవి వాళ్లదగ్గర లేదు.

రెండో కారణం చేదుగా ఉన్నా చెప్పుకోవాలి. హఫ్‌మన్ మాటలో ఒక ముల్లుంది. ఆ మోడరేటర్లను ఎవరూ ఎన్నుకోలేదు. ముందు చేరినవాడిది పైస్థానం. తలుపులు మూసినప్పుడు లోపలివాళ్లను కొన్ని గోష్ఠులు సంప్రదించాయి, కొన్ని సంప్రదించలేదు. దాంతో యజమాని సామాన్యసభ్యుల పక్షాన మాట్లాడుతున్నట్టు నటించగలిగాడు. సింగరేణిలో 1998 నించి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. గెలిచినసంఘం అంటే కిట్టనివాళ్లుకూడా దాని వెనక ఓట్లున్నాయని కాదనలేరు. మోడరేటర్ల వెనక ఆ బలం లేదు. మా బృందంలో మేం నలుగురమూ ఎన్నికైనవాళ్లం కాదు. మేం మంచివాళ్లమన్న సంగతి దానికి జవాబు కాదు.

ఇక తాళంచెవి విషయం. 2002 ఫిబ్రవరిలో వికీపీడియాలో ప్రకటనలు రావచ్చునన్న సూచన రాగానే స్పానిష్ రచయితల్లో చాలామంది తమ వ్యాసాలన్నీ తీసుకుని సెవిల్ విశ్వవిద్యాలయం సర్వర్‌కు తరలిపోయి వేరుగా విజ్ఞానసర్వస్వం పెట్టుకున్నారు. అక్కడి రాతల్ని ఎవరైనా తీసుకుపోవచ్చునని లైసెన్సులోనే ఉంది కనక అది సాధ్యమైంది. వికీపీడియాలో ఈనాటికీ వాణిజ్యప్రకటనలు లేవు. వెళ్లిపోగలిగినవాడి మాటకు ఉండిపోయినచోటకూడా విలువ ఉంటుంది. 2003లో మొదలై లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియాకు కూడా ఈ రక్షణ ఉంది. ఇది మనకు కొత్తకూడా కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవాళ్లు కూడా జీతం తీసుకోని కార్యకర్తలే. కాని బీరువా, పుస్తకం, తాళంచెవి సంఘానివి.

మా బృందం సంగతి చెప్పవలసి ఉంది. ఒక తెల్లవారుజామున అది లేదు. నిబంధనల ఉల్లంఘన అని ఒక వాక్యం వచ్చింది. ఏ నిబంధనో, ఎవరు ఉల్లంఘించారో లేదు. అప్పీలుకు జవాబు రాలేదు. అక్కడున్నదంతా బయటికి తెచ్చుకునే వీలు ఆ వేదికలో లేదు. ఆరేళ్ల ప్రశ్నలు, జవాబులు, ఒక పిల్ల మరోపిల్లకు ఓపిగ్గా చేసి చూపించిన లెక్కలు పోయాయి. జీతం రాలేదని మాకు బాధలేదు. ఆ జవాబులు పిల్లలవి. వాటిని పారెయ్యడానికి పిల్లల్ని అడగనక్కర్లేకపోయింది, అదీ బాధ.

అంచేత విద్యార్థులకూ, నా తోటి ఉపాధ్యాయులకూ చెప్పేదేమంటే, ఇటువంటి చాకిరీకి పూనుకునేముందు మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇక్కడ పోగైనదాన్ని మేం తీసుకుపోవచ్చునా? మమ్మల్ని తీసెయ్యాలంటే కారణం చెప్పాలా? మమ్మల్ని ఎన్నుకునేహక్కు, దించేహక్కు సభ్యులకున్నాయా? మొదటి రెండూ యజమానిని అడగవలసినవి, మూడోది మనల్ని మనం అడగవలసింది. వీటికి జవాబులు లేనిచోట కూడా మనం చేసేది సేవే కావచ్చు. కాని అది ఎవరికి సేవ అన్నది నిర్ణయించేది మాత్రం మనం కాదు.