అక్కకు ఓడ మీద నుంచి

బార్సిలోనా రేవు, రాత్రి

అక్కా,

నాన్న షుగర్ అదుపులోకొచ్చిందన్న మాట చదివాక గానీ మనసు కుదుటపడలేదు. మీ చిన్నాడు హోటల్ మేనేజ్‌మెంట్ అయిపోగానే ఇలాంటి విహార ఓడలో ఉద్యోగానికి వెళ్తానంటున్నాడనీ, బావగారు వద్దంటున్నారనీ రాశావు. భీమిలి బీచిలో మోకాలి లోతు దాటని మనిషి ఇంకేమంటారులే! ఇక్కడి సగ్రాడా ఫమీలియా చర్చి ఎత్తుగా, అందంగా ఉంది, ఇంకా కడుతూనే ఉన్నారు. దాని సంగతి అంతే. ఈ ఉత్తరమంతా ఓడ గురించే.

అన్నీ సూట్లే (విశాలమైన గదులే) ఉన్న ఓడ అనగానే పాలరాతి స్నానాల గదులు, షాండ్లియర్లు తలపుకొస్తాయి. నిజానికి ఇక్కడ అమ్మేది రెండే: చోటు, మనిషి సేవ. 2016లో ప్రయాణాలు మొదలుపెట్టిన సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్‌నే తీసుకో. ఓడ లోపలి చోటుకు కొలమానమైన గ్రాస్ టన్నేజీ దానికి 55 వేల పైచిలుకు, ప్రయాణికులు 750 మంది దాకా. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ దానికి నాలుగున్నర రెట్లుంటుంది. కానీ గదికి ఇద్దరి చొప్పున చూసినా 5,610 మంది ఎక్కుతారు. తలకు పంచితే చిన్న ఓడలో దాదాపు 74, పెద్ద ఓడలో 44. ఎక్స్‌ప్లోరర్‌లో నలుగురు ప్రయాణికులకు దాదాపు ముగ్గురు సిబ్బంది. భోజనం, మద్యం, ఒడ్డున తిప్పి చూపించడం, టిప్పులు అన్నీ టికెట్లోనే కలిసిపోతాయి. అన్నీ ముందే చెల్లించాం కదా అని జనం తిండి పారబోస్తారని బావగారు అంటారు. కొంత నిజమే. నాకు అంతకన్నా పెద్దదిగా తోచేది వేరొకటి. టిప్పును టికెట్లో కలపడం మంచిదే, ఒకరి జీతం ఇంకొకరి ఆ పూట మనసును బట్టి ఉండకూడదు. కానీ బిల్లు మాయమైనప్పుడు ఆ పని చేసిన మనిషి కూడా ధ్యాసలోంచి జారిపోతాడు. పైన ఒక్కొక్కరికీ ఇంత చోటిచ్చే ఓడల్లో కూడా కింది డెక్కుల్లో సిబ్బందికి చాలావరకు ఇద్దరికో గది, దానికి కిటికీ ఉండదు.

మార్సెయ్, మధ్యాహ్నం

మిస్ట్రల్ గాలికి రాత్రంతా ఓడ ఊగింది. తల ఇంకా దిమ్ముగానే ఉంది, అమ్మ చేసే అల్లం చారు మీదికి ప్రాణం పోతోంది. నిన్నటి మాట ముగించేస్తాను.

ఎవరూ బలవంతాన లాక్కుపోరు, మన ఊళ్లో దొరికే జీతం కన్నా మేలే కదా అంటాడు చిన్నాడు. ఒప్పుకుంటాను. ఇష్టపడి వెళ్లినంత మాత్రాన ఒంటికి అలుపు తెలియకుండా పోదు. 2013లో అమల్లోకొచ్చి, 2015లో మన దేశం ఆమోదించిన సముద్ర కార్మికుల ఒడంబడిక రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలంటుంది. మిగిలినవి లెక్కేస్తే వారానికి 91 గంటలు పని చేయించినా నిబంధన దాటినట్టు కాదు. వారంలో సెలవన్నది లేకుండా నెలల తరబడి చేసేవాళ్లే ఎక్కువ. ఓడలో వర్తించేది ప్రధానంగా అది రిజిస్టరైన దేశపు చట్టం. ఎక్స్‌ప్లోరర్‌ది మార్షల్ ఐలాండ్స్. బార్సిలోనా రేవులో ఆగినంత మాత్రాన స్పెయిన్ కార్మిక చట్టం చిన్నాడికి పూర్తిగా అండగా రాదు. వాడి చేతిలో ఉండే పట్టల్లా ఆ ఒడంబడిక, తను సంతకం పెట్టిన కాగితం.

అందుకే వద్దని ఆపమనను. కాగితం చదవకుండా మాత్రం పంపొద్దు. ఎన్ని నెలలు, ఓవర్‌టైమ్ ఎలా కడతారు, గడువయ్యాక ఇంటికి టికెట్ ఎవరిది (అది ఓడ యజమానే భరించాలి) అని చూడమను. ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటు వాడి దగ్గర డబ్బు తీసుకోవడం ఆ ఒడంబడిక ప్రకారమే తప్పు. పాస్‌పోర్టు, సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం), మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు మాత్రం వాడివే. విశాఖలో ఎవరో ముందే రెండు లక్షలు అడిగారని రాశావు. రూపాయి కూడా ఇవ్వొద్దు. ఓడ ఉద్యోగాలకు మనుషుల్ని చేర్చే ఏజెంట్లకు మన ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ నంబరేమిటో అడిగి, ఆయన ఏం చెప్పాడో నాకు రాయి.

నీ తమ్ముడు