దోషమునకు దగిన దండనము

నియమము తప్పిన ఆటగానిని దండింపనిచో న్యాయముగా ఆడినవాడు నష్టపోవును. తప్పునకు మించి దండించినచో దండించినవాడే అన్యాయ మొనర్చినవాడగును. అంతర్జాలమున జరుగు పోటీలకును ఈ ధర్మమే వర్తించును.

కౌంటర్-స్ట్రైక్ అను కంప్యూటరు ఆటలో ఐదుగురేసి ఆటగాండ్రుగల రెండు జట్లు తలపడును. ప్రత్యర్థు లెచ్చట పొంచియున్నారో తెలియకుండుటయే ఈ ఆటకు ప్రాణము. జట్టు శిక్షకుడు తన ఆటగాండ్రకు కనబడునది మాత్రమే చూడవలెను. కాని ప్రోగ్రాములోని యొక లోపమువలన కొందఱు శిక్షకులకు క్రీడారంగములోని ఇతర స్థానములుకూడ కనబడెను. ఆ లోపమును కల్పించినది వారు కారు. కాని దానిని వాడుకొనుట వారి దోషమే.

2020లో ఈ సంగతి బయటపడెను. పోటీలలోని మోసములను విచారించు ఈస్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ పాత ఆటల రికార్డులను పరిశీలించి, ఆ సెప్టెంబరులో 37 మంది శిక్షకులను నిషేధించెను. శిక్షకునకు ఆటయే జీవనాధారము. నిషేధకాలమున అతడు పెద్ద పోటీలకు దూరమగును. కావున కమిషన్ అందఱికిని ఒకే శిక్ష విధింపలేదు. ఎవ రెన్నిమారులు, ఎంతమేరకు తప్పు చేసిరో లెక్కించెను. కొందఱి నిషేధము 4 మాసములైనను లేదు. అన్నిటికంటె పెద్దది 36 మాసములు. తప్పు నొప్పుకొనినవారికి శిక్ష తగ్గించెను.

అందఱిని ఒకే కొలబద్దతో కొలుచుట న్యాయము. అందఱికి ఒకే శిక్ష వేయుట న్యాయము కాదు. నిషేధమునకు గడు వుండుటచేత, తప్పు దిద్దుకొనినవానికి మరల ఆటలోనికి వచ్చు త్రోవ మిగిలియుండెను.