వాపునకు మెల్లని చేయి

రెండేండ్ల క్రిందట మా అత్తగారికి రొమ్మున రాచపుండు లేవగా, నెల్లూరున శస్త్రము చేసి చంకలోని గ్రంథులనుగూడ తీసివైచిరి. అనుమసముద్రంపేటకు తిరిగి వచ్చిన కొన్ని మాసములకు ఆ ప్రక్క చేయి ఉబ్బి, గాజులు సబ్బు రాచి తీయవలసివచ్చెను. బాలింతలకు ఒళ్లు పట్టినదాననను ధీమాతో నేను నువ్వులనూనె రాచి, బలముకొలది పిసికితిని. వాపు తగ్గకపోగా చర్మము కందెను. ఆమె నొప్పి నోర్చుకొని ఒక్క మాటయు ననలేదు. అదియే నన్నింకను బాధించుచున్నది.

పిదప మర్దనవిద్య నేర్చిన యొకామెవలన సంగతి తెలిసినది. ఒడలిలో మిగులు నీటిని మరలించు రసనాళములు అనేకము చర్మము క్రిందనే యుండును. వానికి గుండెవంటి యంత్రము లేదు. చంకలోని గ్రంథులు పోయినచో నీటికి త్రోవ తప్పును. డెన్మార్కు దేశస్థులగు వోడర్ దంపతులు 1930 తరువాతి యేండ్లలో కూర్చిన పద్ధతి ప్రకారము, మొదట మెడను, రెండవ ప్రక్క చంకను నిమిరి త్రోవ చేయవలెను. అటుపిమ్మట భుజము, మోచేయి, ముంజేయి వరుసగా, నూనె లేకయే, చర్మము మాత్రము కదలునట్లు పైకి నిమురవలెను. పసిబిడ్డ బుగ్గ తాకినంత బరువు చాలును! తరువాత పట్టీ చుట్టవలెను. లేనిచో వాపు మరల వచ్చును. సోదరీమణులారా, చేయి ఎఱ్ఱబడి జ్వరము తగిలినచో మర్దన మాని వెంటనే వైద్యునికడకు పోవలయును.

గాజులింకను ఎక్కలేదు గాని, ఈ నెలలో ఆమె రవికె చేయి సులువుగా దూరినది.