ఎనిమిది గళ్ళలో ఎస్.కోట

సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడిగితే క్రమశిక్షణ గురించి రాద్దామని కూర్చున్నాను. కాని హాస్టల్లో ఉండగా నేను చేసిన తప్పొకటి ముందు గుర్తొచ్చింది. అదే రాస్తున్నాను.

2001లో నేను పదో తరగతి. బస్టాండు దగ్గర ఒక చిన్న కొట్లో టీవీకి వీడియో గేమ్ తగిలించి గంటకు పది రూపాయలు తీసుకునేవారు. సబ్బుకూ నూనెకూ ఇచ్చిన డబ్బులు కొన్ని అక్కడికే పోయేవి. ఆట సూపర్ మారియో. నింటెండో వారు 1985లో జపాన్‌లో తెచ్చిన ఆట అని తరవాత తెలిసింది. మా వరకు వచ్చింది నకలు పెట్టె, నకలు క్యాసెట్టు.

నాకు ఆడటం రాదు. ఆ బొమ్మల్ని గ్రాఫు కాగితం మీద దించడమే నా పిచ్చి. నా మిత్రుడు ఆడుతుంటే మధ్యలో ఆపించి, టీవీకి ముక్కు ఆనించి గళ్ళు లెక్కపెట్టేవాణ్ణి. "కళ్ళు పోతాయిరా" అనేవాడు కొట్టాయన. గడియారం మాత్రం ఆపేవాడు కాదు.

చిన్న మారియో పదహారు గళ్ళ ఎత్తు, పన్నెండు గళ్ళ వెడల్పు. రంగులు మూడే. అంత చిన్న చోట నోరు గీస్తే ఆనదని మీసం పెట్టారు, జుట్టు గీయలేక టోపీ పెట్టారు. 1981లో డాంకీ కాంగ్ ఆట కోసం షిగెరు మియమొతో పన్నిన ఉపాయమట అది. ఆటలో మబ్బూ పొదా ఒకటే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, పచ్చ వేస్తే పొద! అది కనిపెట్టిన రోజు స్టడీ అవర్లో నవ్వాపుకోలేక తిట్లు తిన్నాను.

ఆ ఏడాది వార్షికోత్సవానికి స్టేజీ వెనక థర్మోకోల్ మీద రంగు కాగితం ముక్కలతో ఆట అక్షరాలు అంటిస్తానని వార్డెన్ గారి దగ్గర ఒప్పుకున్నాను. ఒక్కో అక్షరానికి అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్ళు. నిలువు గీత రెండు గళ్ళ మందం, అడ్డగీత ఒక్క గడి. ఇంగ్లీషులో ఎస్.కోట అని రాయాలి. ఓ, టీ, ఏ తెర పైనే ఉంటాయి. ఎస్, కె మాత్రం మొదటి లోకం చివర్లో కోట గెలిస్తే వచ్చే మాటల్లోనే దొరుకుతాయి. రాకుమారి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉందని చెప్పే మాటలవి. నా మిత్రుడు రెండు ఆదివారాలు సొంత డబ్బులు పెట్టి ఆ కోట గెలిచి నాకు కె చూపించాడు.

ఇంగ్లీషు బాగా కుదిరింది. వార్డెన్ గారు చూసి "తెలుగులో లేదేంట్రా?" అన్నారు. అక్కడ దొరికిపోయాను. "వార్షికోత్సవం" ఎనిమిది గళ్ళలో ఇమడదు. తలకట్టుకే రెండు వరసలు పోయాయి, గుడికి చోటు లేదు, షావత్తూ సావత్తూ గళ్ళు దాటి కిందకి జారిపోయాయి. చెరిపీ గీసీ నా కాగితాలు అయిపోతే, మిత్రుడి ట్రంకు పెట్టెలోంచి పన్నెండు కాగితాలు అడక్కుండా తీసి వాడేశాను. మర్నాడే వాడికి లెక్కల పరీక్ష, గ్రాఫు వేసే లెక్క వచ్చింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

వాకిట్లో ముగ్గు పెడుతున్న మా కమాటి అమ్మ నా కాగితం చూసి "సుక్కలు సాలకపోతే ముగ్గెలా తిరుగుతాది నాయినా? ఇంకొన్ని వరసలెట్టు" అంది. పదహారు వరసలు పెట్టాను. పైన గుడి, కింద వత్తు నిలబడ్డాయి. ఆ రాత్రి ముక్కలు అంటిస్తుంటే మిత్రుడు వచ్చి, మాటా పలుకూ లేకుండా పక్కన కూర్చుని కాగితాలు కత్తిరించాడు.

ఇప్పుడు నాది ఫ్లెక్సీల కొట్టు. ఎల్‌ఈడీ అక్షరాల బోర్డులు కూడా చేస్తాను. పి10 అనే పలకకు అడ్డం 32 చుక్కలు, నిలువు 16. అవే పదహారు వరసలు! తెలుగు అక్షరాల్ని అందులో చుక్క చుక్కా పేర్చి కూర్చుకున్నాను. "త్స" ఇప్పటికీ నాకు నచ్చలేదు, సావత్తు తోక మొండిగా ఉంది. మిత్రుడికి వాట్సాప్‌లో పంపితే "నా పన్నెండు కాగితాలు?" అని జవాబిస్తాడు. వాడిప్పుడు లెక్కల మాస్టారు.

ఈసారి హాస్టల్ గేటుకు ఆ బోర్డు నేనే కడుతున్నాను. వార్షికోత్సవం అనే మాట వెనకాలే చిన్న మారియో నడిచి వస్తాడు, ఎత్తు సరిగ్గా బోర్డంత. ఎరుపు ఒక్కటే రంగు కాబట్టి మీసం చోట చుక్కలు ఆర్పేశాను. గ్రాఫు కాగితాల కట్ట కూడా ఒకటి తెస్తున్నాను.